మూడు పీపాల డీజిల్

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అందరూ ఆమెను బ్యాటరీ అక్క అనేవారు. కింది అంతస్తు గదిలో రెండు వరసల్లో ఇరవై నాలుగు పెద్ద బ్యాటరీలుండేవి. కరెంటు పోతే ఊళ్లో ఫోన్లన్నీ వాటి మీదే బతకాలి. ఇరవై రెండేళ్లుగా వాటికి నీళ్లు పోస్తూ, చార్జింగ్ చూస్తూ ఉన్నది ఆమే. యాసిడ్ చుక్కలు పడి చీరలన్నీ చిల్లులే. "మీ ఆవిడ చీరలు ఎలుకలు కొట్టాయా?" అని ఎవరైనా అడిగితే, "కాదు, ఊరి మాటలు కొరికాయి" అని భర్త నవ్వేవాడు.

ఆ ఏడు గాలివానకు కరెంటు స్తంభాలు వరసగా కూలాయి. పది రోజులదాకా కరెంటు రాదన్నారు. బ్యాటరీలు ఎనిమిది గంటలకు మించి ఆగవు. జనరేటర్ ఉంది గాని డీజిల్ మూడు పీపాలే. దారులు తెగిపోయాయి కనుక కొత్తది రాదు. ఆమె కూర్చుని లెక్క వేసింది. నాలుగు గంటలు జనరేటర్ నడిపి బ్యాటరీలు నింపాలి, అయిదు గంటలు ఆపాలి. ఫోన్ల యంత్రాలకు తప్ప మరి దేనికీ ఆ కరెంటు వెళ్లకూడదు. పై అంతస్తులో ఆఫీసరుగారి ఏసీ తీగ కూడా ఊడదీసేసింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన చెమటలు కక్కుకుంటూ కిందికి దిగాడు.

"గెస్ట్ హౌస్ జనరేటర్‌కి ఒక పీపా పంపించమ్మా. గాలివానకి ముందు దిగిన పై అధికారులు అక్కడే చిక్కుకుని, ఉక్కకి అల్లాడిపోతున్నారు."

"కుదరదు సార్. ఒక పీపా పోతే మూడు రోజుల ఫోన్లు పోతాయి."

"కుదరదనడానికి నువ్వెవరు? డీజిల్ గది తాళం ఇటివ్వు."

ఆమె తాళంచెవిని కొంగున ముడేసుకుంది.

"రాసివ్వండి సార్. ఊరి ఫోన్లు ఆపి డీజిల్ తీసుకెళ్తున్నానని రాసి సంతకం పెట్టండి. అప్పుడిస్తా."

ఆయన కలం తీయలేదు. "నీ సంగతి తేలుస్తా" అని మెట్లెక్కాడు. ఆమె గది వదిలి కదల్లేదు.

ఆరో రోజున ఆసుపత్రి డాక్టరు ఏటి అవతలి ఊరికి ఫోన్ చేసి, ఒక బాలింత కోసం పడవలో రక్తం తెప్పించుకున్నాడు. ఆ మనిషి బతికింది. పదో రోజు సాయంత్రం కరెంటు వచ్చేసరికి చివరి పీపా అడుగున ఒక బకెట్ డీజిల్ మిగిలింది.

వారం తిరక్కుండా మెమో వచ్చింది, ఆజ్ఞ మీరినందుకు క్షమాపణ రాసివ్వమని. ఆమె క్షమాపణ మాట ఎత్తలేదు. రెండో వరసలో ఏడో బ్యాటరీ పాడైందని, మళ్లీ వానలు పడకముందే కొత్తది పంపమని రాసింది. రెండో మెమో వచ్చింది. అదే జవాబు తిరిగి రాసింది.

మూడోసారి మెమో రాలేదు. బ్యాటరీ వచ్చింది.