మేకు కొట్టని రేకు

మొన్న మాఘమాసంలో కరీంనగర్‌లో రేకులమ్మే దుకాణంలో కూర్చుని ఉండగా, దుకాణదారు మూరెడు రేకు ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. దీనికి పైన ఎక్కడా మేకు పోటు ఉండదమ్మా, పక్క అంచులు నిలువుగా లేపి, ఒకదాని మీద ఒకటి మడిచి మిషన్‌తో బిగిస్తాం, లోపల పట్టీలు పట్టుకుని ఉంటాయి, నీళ్లు దిగడానికి సందే ఉండదు అంటూ ఆయన చెప్పుకుపోతున్నాడు గానీ, నా వేళ్లు ఆ మడత దగ్గరే ఆగిపోయాయి. బోథ్‌లో మా ఇంటికి పైకప్పు మార్చాలని తమ్ముడు నన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. వాడు అక్కడే వ్యవసాయం చేస్తాడు, మమ్మల్ని కన్న అవ్వ వాడి దగ్గరే ఉంటుంది. నేను ఉద్యోగం పేరుతో కరీంనగర్‌లో స్థిరపడిపోయాను. వాడి చూపు స్క్రూలు బిగించే మామూలు రంగు రేకుల మీద ఉంది, ఊళ్లో అందరూ వేసుకునేవి అవే కదా అన్నాడు. నేను ఎప్పుడూ లేనిది మొండికేసి, ఇదే వేద్దాం, లేకుంటే నన్నెందుకు పిలిచావని కసురుకున్నాను. దుకాణదారుకు నా కోపం వింతగా తోచి ఉంటుంది. నా ఈడువాళ్లు మీరైతే విని అర్థం చేసుకుంటారని చెబుతున్నాను.

చిన్నప్పుడు మనందరివీ గూనపెంకుల ఇళ్లే కదా. కోతుల దండు ఒకసారి ఎగిరి పోయిందంటే సగం పెంకులు పగిలేవి, ఏటా వానలకు ముందు గూన విప్పి మళ్లీ కప్పుకోవడం ఒక పెద్ద పని. దానికి విసిగిపోయి బాపు, అదే మా నాన్న, మా వాడకట్టులో అందరికన్నా ముందు మేకులు కొట్టి రేకులు వేయించాడు. కోతుల బాధ తీరిందని నెల రోజులు మీసం మెలేసి తిరిగాడు గానీ, వైశాఖం వచ్చేసరికి ఆ ఇంట్లో మనుషులు వేగిపోయారు. మా ఆదిలాబాద్ ఎండ సంగతి తెలిసిందే. అందుకని అందరూ చేసినట్టే మేమూ పత్తి పీకేసిన చేలోంచి పత్తికట్టె మోపులు తెచ్చి రేకుల మీద పరిచి, గాలికి లేవకుండా రాళ్లు పెట్టాం. ఇల్లు కాస్త చల్లబడింది. కట్టె కింద ఏం జరుగుతోందో మాత్రం ఎవరికీ తెలియలేదు. పగటి ఎండకు రేకు సాగుతూ, మా దిక్కు చలికి ముడుచుకుంటూ ఉంటే మేకుల చుట్టూ రంధ్రాలు కొంచెం కొంచెంగా పెద్దవవుతూ వచ్చాయి. వానలకు నానిన కట్టె అక్కడే కుళ్లి, మేకుల దగ్గర రేకును తుప్పు తినేసింది. పైన కట్టె ఉండడం వల్ల అదేదీ కంటికి కనబడలేదు.

ఆ రోజుల్లో పత్తి ఏరిన తర్వాత ధర వచ్చేదాకా ఇంట్లోనే పోసుకునేవాళ్లం. నడింట్లో పత్తి, అర్రలో పత్తి, మనుషులు మాత్రం వసారాలో. ఒళ్లంతా దురద పెట్టినా పిల్లలం దాని మీదే దొర్లేవాళ్లం. ఒక ఏడు మాత్రం అవ్వ మమ్మల్ని పత్తి దగ్గరికి రానివ్వలేదు, నిప్పురవ్వ పడుతుందన్న భయంతో పొయ్యిని కూడా వాకిట్లోకి మార్చింది. దానికి కారణం పెట్టెలో ఉన్న బాపు పాస్‌పోర్టు. అంతకుముందు రెండేళ్లు పంట చేతికి రాక, చుట్టాలంతా పోయిన దారిలో తనూ గల్ఫ్‌కు పోతానని బాపు అన్నీ సిద్ధం చేసుకున్నాడు. అవ్వ ఏడ్చి, అలిగి, చివరికి ఒక మాట తీసుకుంది. ఉగాది దాటాక పత్తికి మంచి ధర వస్తే బాపు ఎక్కడికీ పోకూడదు. అందుకే ఆ పత్తి కుప్పను చూసినప్పుడల్లా మాకు బాపు కనిపించేవాడు.

ఉగాది ఇంకా వారముందనగా, ఒక మధ్యాహ్నం పడమటి నుంచి దుమ్ము లేచింది. చూస్తుండగానే ఆకాశం నల్లబడి, గాలి వచ్చి ముందుగా పత్తికట్టెను ఎగరేసుకుపోయింది, రాళ్లు దొర్లి వాకిట్లో పడ్డాయి. ఆ వెంటనే వడగండ్లు. రేకుల మీద ఆ మోతకు పక్కనున్న మనిషి అరిచినా వినబడడం లేదు. బాపు గోడెక్కి లేస్తున్న రేకును రెండు చేతులా పట్టుకుని వేలాడాడు, రేకు అంచు అరచేతిని కోసింది, అయినా వదల్లేదు. తుప్పు తిన్న మేకులు మాత్రం ఒక్కటొక్కటిగా చీల్చుకుని వదిలేశాయి. మా కళ్ల ముందే ఆ రేకు చేటలోంచి చెరిగినట్టు పక్కవాళ్ల పెరట్లోకి పోయింది. ఆ సందులోంచి వానా వడగండ్లూ తిన్నగా పత్తి మీద పడ్డాయి. బొంతలు, గోనెసంచులు, బాపు ధోవతులు, అవ్వ చీరలు, చేతికి దొరికిందల్లా కప్పాం. ఏదీ చాలక అవ్వ తానే కుప్ప మీద బోర్లా పడుకుంది. వడగండ్లు వీపు మీద పడుతుంటే లెమ్మని నేను ఏడుస్తూ లాగాను.

"మనుషులు తడిస్తె ఆరుతరు బిడ్డా, పత్తి తడిస్తె ఆరది. నువ్వు ఇంకో బొంత తే" అంది.

ఇంట్లో ఇంకో బొంత లేదు. ఆ మాట అవ్వకు చెప్పలేక నేను అక్కడే నిలబడిపోయాను. ఇన్నేళ్లలో ఎన్నో కష్టాలు చూశాను గానీ, అంతగా దిక్కుతోచకపోవడం మళ్లీ ఎరగను.

తర్వాత పత్తిని వాకిట్లో ఎండబోసి తిరగేస్తూనే ఉన్నాం. పసుపు తిరిగి ముక్క వాసన పట్టింది, బేరగాళ్లు గుప్పెడు తీసి చూసి, మాట్లాడకుండా చేతులు దులుపుకుని పోయారు. బాపు పెట్టె తెరిచి పాస్‌పోర్టు తీసుకున్నాడు. అవ్వ అడ్డు చెప్పలేదు. చేతికి కట్టిన గుడ్డతోనే ఆయన గల్ఫ్‌కు పోవడానికి నిర్మల్ బస్సెక్కాడు.

దేవుడి చోద్యం ఏమిటో గానీ, అక్కడ బాపుకు దొరికింది గోదాములకు పైకప్పులు వేసే పని. రెండేళ్లకు సెలవు మీద వచ్చినప్పుడు మాకు చాక్లెట్లు, అవ్వకు కంబళి, వాటితోపాటు గుడ్డలో చుట్టిన ఒక మడత రేకు ముక్క తెచ్చాడు. అది పారేసే ముక్కే, ఆయనకు మాత్రం బంగారం. వచ్చినవాళ్లందరి ముందూ దాని మీద చెంబెడు నీళ్లు పోసి, కింద చెయ్యి పెట్టి, తడి లేదు చూడమనేవాడు. పాపం, ఆయన ఏం టీవీ తెచ్చాడో చూద్దామని వచ్చినవాళ్లు రేకు చూసి పోయేవాళ్లు.

"రేకుకు గూడ పానముంటది. ఎండకు సాగుతది, సలికి ముడుసుకుంటది. మేకు గొట్టి కదలనియ్యకపోతె తెంపుకొని పోతది. గీ మడతల పట్టుకొనే ఉంటది, కదలాలంటె కదులుతది" అని నాకు చెప్పాడు.

మన ఇంటికీ ఇదే వేస్తానన్నాడు గానీ, అప్పుడు మన దిక్కు ఆ రేకూ లేదు, మడిచే మిషనూ లేదు. ఇంకోసారి, మరోసారి అంటూ ఆయన పోతూనే ఉన్నాడు, ఎవరెవరివో గోదాములు తడవకుండా కప్పుతూనే ఉన్నాడు. చివరికి ఊపిరితిత్తులు పాడై ఇల్లు చేరి, అతుకుల మీద అతుకులు వేసిన ఆ పాత రేకుల కిందే, మంచం పక్కన చుక్కలు పడే గిన్నెల మధ్యే కన్నుమూశాడు.

అదీ నా మొండితనం వెనుక కథ. తమ్ముడు ఇంకేమీ అనకుండా ఒప్పుకున్నాడు. వడగండ్లకు సొట్టపడకుండా మందం రేకు, ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు, వేడి దిగకుండా కింద ఒక పొర, అన్నీ అడిగి తీసుకున్నాం. మిషన్‌తో మనుషులు వచ్చి వాకిట్లోనే రేకుల అంచులు లేపి, పైకెక్కించి మడతలు బిగించి వెళ్లారు.

ఈ ఉగాదికి నేను బోథ్‌లోనే ఉన్నాను. పండుగ మర్నాడు మధ్యాహ్నం వడగండ్లు పడ్డాయి. మోత మొదలుకాగానే అవ్వ మంచం దిగి, వద్దంటున్నా వినకుండా గిన్నె తెచ్చుకుని, నడింట్లో ఎప్పుడూ కురిసే చోట కూర్చుంది. వాన వెలిసేదాకా పైకి చూస్తూనే ఉంది. ఒక్క చుక్క పడలేదు. గిన్నె లోపల వేళ్లతో తడిమి చూసుకుంది.

"గీ రేకు గప్పుడే ఉంటె మీ బాపు పోకపోతుండె" అంది మెల్లగా.

ఇప్పుడు పత్తి చేలోంచే బండెక్కి మిల్లుకు పోతుంది, ఇంట్లో పోసుకునేవాళ్లు తక్కువ. నడింట్లో పత్తి కుప్ప ఉండే చోట తమ్ముడు సోఫా వేశాడు. ఇల్లు ఇంత పొడిగా ఉండడం నా బతుకులో ఇదే మొదటిసారి, కాపాడుకోవలసినవాడు మాత్రం అందులో లేడు. అవ్వ ఆ గిన్నెను లోపల పెట్టనివ్వలేదు, ఆ సాయంత్రమంతా ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.