ఉప్పునీళ్ళు తీసేసిన ఆట

తెనాలిలో కంప్యూటర్ పాఠాలు చెప్పినన్నాళ్ళూ ప్రతి కొత్త బ్యాచ్‌కీ ఒక కథ చెప్పేవాణ్ణి. మా ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఒకమ్మాయి భూమిని తవ్వే ఆట తయారుచేసింది, సరిగా పరీక్షించకుండా బాపట్ల పట్టుకెళ్ళి అందరి ముందూ చూపించింది, ఆట మధ్యలో కింద భూమే లేకుండా పోయింది, అని. పిల్లలు నవ్వేవాళ్ళు. "అందుకే, రాసిన ప్రోగ్రాం చివరిదాకా నడిపి చూసుకోవాలి" అని పాఠంలోకి దిగేవాణ్ణి.

ఆ కథలో నేను చెప్పకుండా వదిలేసిన ముక్క ఒకటుంది. కింద భూమి లేకుండా చేసింది నేను.

ఆ అమ్మాయిది రేపల్లెకు అవతల ఒక పల్లెటూరు. మా దగ్గరే కోర్సు చేసి, మా దగ్గరే పాఠాలు చెప్పడానికి చేరింది. రోజూ ఊళ్ళో బస్సెక్కి రేపల్లె, అక్కడ రైలెక్కి తెనాలి వచ్చేది. మధ్యాహ్నం బ్యాచ్‌ల మధ్య ఖాళీలో మేమంతా క్యారేజీలు కడిగేసి కునుకు తీస్తుంటే, కిటికీ పక్కన సిస్టం ముందు కూర్చుని ఏదో రాసుకుంటూ ఉండేది. ఒకరోజు ఆ మూల నుంచి గరగరమని చప్పుడు వచ్చి మెలకువ వచ్చింది.

"ఏంటమ్మా ఆ మిక్సీ?"

"మిక్సీయే సార్. మా అమ్మ పచ్చడి రుబ్బుతుంటే టేప్ రికార్డర్‌లో పట్టాను. బోరు మిషన్ లాగా లేదూ?"

"బోరు లాగా లేదు, పచ్చడి లాగానే ఉంది."

"అయితే ఆకలేస్తుంది కదా, కూర్చుని ఆడండి."

కూర్చున్నాను. తెర పైన సన్నగా ఆకాశం, కింద అంతా మట్టి. ఒక చిన్న బోరు బండి. బాణం గుర్తుల మీటలతో పక్కలకీ కిందకీ తవ్వుకుంటూ పోవాలి. బొగ్గు, రాగి, బంగారం దొరుకుతాయి. బండిలో పట్టినంత నింపుకుని, డీజిల్ అయిపోయేలోపు పైకొచ్చి, కొట్లో అమ్మి, ఆ డబ్బుతో గట్టి బరమా కొనుక్కుని మళ్ళీ దిగాలి. అంతే. ఇలా చెబితే ఏమీ లేనట్టుంటుంది. ఆడుతుంటే మాత్రం మూడింటి బ్యాచ్ పిల్లలు వచ్చి వెనక నిలబడ్డ సంగతి కూడా నాకు తెలియలేదు. డీజిల్ సగం ఉంది, ఇంకొక్క బంగారం ముక్క కింద మెరుస్తోంది. వెళ్ళాలా, తిరగాలా? ఆ ఆటలో ఉన్న రుచి అదే.

నేను వెళ్ళాను. బండి కింద మట్టి గడి పగలగానే బూడిదరంగు నీళ్ళు పొంగాయి. నేను తవ్వుకున్న దారుల్లోంచే పైకి ఎక్కుతూ వచ్చి, సొరంగాలన్నీ నింపేసి, బండిని ముంచేశాయి. ఆట అయిపోయింది.

"ఇదేంటి? నాకేమీ చెప్పకుండా చంపేసింది?"

"చెప్పింది సార్. ఉప్పునీళ్ళు దగ్గరికొచ్చేకొద్దీ మట్టి నల్లబడుతుంది. మీరు బంగారం చూశారు, మట్టి చూళ్ళేదు."

వాళ్ళ ఊళ్ళో చర్చి ఆవరణలో ఒక బోరు ఉండేదట. చుట్టుపక్కల తియ్యటి నీళ్ళు పడేది అక్కడే. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు బిందెలు నింపుకుని మరీ ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు. ఒక వేసవిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయని పెద్దలంతా కూడి ఇంకో పైపు కిందకి దించారు. అడుగున ఉన్న ఉప్పునీళ్ళు తగిలాయి. మళ్ళీ ఆ పైపు పైకి లాగినా తియ్యటి నీళ్ళు రాలేదు. "ఎవర్నీ తిట్టడానికి లేదు సార్, అందరూ కలిసి దించిందే" అంది. ఆట అక్కడ పుట్టింది.

న్యాయంగా చెప్పాలంటే ఆ ఆటలో లోపాలు చాలానే ఉన్నాయి. పైకి రావడం మరీ నెమ్మది; తవ్వేటప్పటి సరదా తిరుగు దారిలో ఉండేది కాదు. ఆడినంతవరకు దాచుకునే వీలు లేదు, తెనాలిలో కరెంటు పోయిందంటే మొదటి నుంచి తవ్వుకోవాల్సిందే. తెలుగు అక్షరాలు బొమ్మలుగా గీసి పెట్టడంతో వంకరగా ఉండేవి. ఆ మిక్సీ సంగతి సరేసరి. కానీ ఆపడం తెలిసినవాడే గెలిచే ఆట నేను అంతకుముందు చూడలేదు. ఆ మాట ఆమెతో అనలేదు. నేనన్నది వేరు.

"ఆ నీళ్ళు తీసెయ్యమ్మా. డబ్బులిచ్చి ఆడేవాడు మునిగిపోతానంటే ఎందుకు ఆడతాడు? ఎంత లోతుకెళ్తే అంత బంగారం ఇవ్వు."

"అది తీసేస్తే ఏముంది సార్ ఇందులో? గొయ్యే కదా."

తర్వాత కొన్నాళ్ళకు బాపట్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వేడుకలకు హైదరాబాద్ నుంచి ఆటలు తయారుచేసే కంపెనీ ఆయన వస్తున్నాడని తెలిసింది. ఎవరైనా తమ ఆట చూపించవచ్చు, నచ్చినవాళ్ళను ఉద్యోగంలోకి తీసుకుంటాడు. ఆమె పేరు నేనే పంపించాను. ఆ వారమంతా ఆమె నడకే మారిపోయింది.

"ఈ ఉద్యోగం వస్తే హైదరాబాద్ పంపిస్తామన్నారు సార్ ఇంట్లో. మా పిన్ని వాళ్ళు అక్కడే ఉంటారు. రాకపోతే మాత్రం ఈ తవ్వకాలు కట్టిపెట్టి బీఈడీ చెయ్యమన్నారు."

ఇద్దరం బాపట్ల బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం ఆమె పక్క గదిలో పాఠం చెబుతోంది. సీడీ రాసే పని నాకు అప్పగించింది. నేను ఆమె ప్రోగ్రాం తెరిచి, పాతదాన్ని వేరే పేరుతో దాచి, నీళ్ళు వచ్చేలా ఆమె రాసిన వరసలు తీసేశాను. ఆమె మంచికేనని నాకు నేను చెప్పుకున్నాను. కొంత నిజమే. ఆయనకు నచ్చితే, ఆ మార్పు నాది అని రైల్లో తిరిగి వస్తూ మెల్లగా చెప్పవచ్చనుకున్నాను. అదీ నిజమే. నాలుగు గడులు తవ్వి చూశాను, బాగానే ఉంది. సీడీ రాసి కవర్లో పెట్టాను.

ఆమె రాసిన తీరులో ఎక్కడో ఒకచోట నీళ్ళు తగిలి తీరతాయి. అందుకని నీళ్ళ అడుగున మట్టి గీయాల్సిన అవసరం ఆమెకు లేకపోయింది. నేను నీళ్ళు తీసేశాను గానీ, కింద మట్టి ఉందో లేదో చూడలేదు.

బాపట్లలో హాలు నిండిపోయింది. ఆమె కొత్త చుడీదార్ వేసుకుని, వణకకుండా బాగా మాట్లాడింది. ఇక్కడ తవ్వడం కంటే ఎప్పుడు ఆపాలో తెలియడం ముఖ్యం అని కూడా చెప్పింది. ఆ వచ్చినాయన ముచ్చటపడి, తనే మౌసు పక్కకు నెట్టి మీటల మీద చెయ్యి వేశాడు. ఎటూ చూడకుండా నేరుగా కిందకి తవ్వుకుంటూ పోయాడు. మట్టి నల్లబడింది. ఆమె నవ్వుతూ, "ఇప్పుడు చూడండి సార్" అంది. బండి నల్లమట్టి దాటింది, మట్టే లేని చోట పడింది. పెద్ద తెర మీద తప్పు జరిగిందని ఇంగ్లీషులో చిన్న పెట్టె వచ్చి నిలబడింది.

"ఏంటమ్మా, భూమి అయిపోయిందా?" అన్నాడాయన.

హాలంతా నవ్వు. వెనక బెంచీల్లోంచి ఎవరో, "అవతల అమెరికా వచ్చుంటుంది సార్" అని అరిచాడు. మళ్ళీ నవ్వు.

"నీళ్ళు రావాలండి," అందామె.

"ఎక్కణ్ణుంచి?"

ఆమె నా వైపు తిరిగింది. "సార్, నీళ్ళు ఏమయ్యాయి?"

ప్రొజెక్టర్ పక్కన నిలబడి ఉన్నాను. ఒక్క వాక్యం చాలు. నేను తీసేశానండి, ఈ అమ్మాయి ఆటలో తప్పు లేదండి, అంటే చాలు. నేనన్నది ఇది: "ఏమోనమ్మా. ముందే చూసుకోవాల్సింది."

సీడీ ఆ హాల్లోనే వదిలేసి వచ్చిన ఆమె, తిరుగు ప్రయాణంలో రైలు కిటికీ దగ్గర కూర్చుంది. తెనాలిలో దిగాక రేపల్లె బండి కోసం వేరే ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళిపోయింది. నేను ఇంటికి వెళ్ళలేదు. ఇన్‌స్టిట్యూట్ తాళం తీసి, దాచిన పాత ప్రోగ్రాంను మళ్ళీ దాని చోట పెట్టేశాను. నేను చేసిన పనుల్లో అన్నిటికన్నా పాడుపని ఇదే. ముందుది తెలివితక్కువతనం అనుకోవచ్చు, ఇది కాదు.

మర్నాడు ఆమె వచ్చీ రాగానే ఆట తెరిచింది. నీళ్ళు చక్కగా వచ్చాయి. మళ్ళీ తవ్వింది. మళ్ళీ వచ్చాయి.

"ఇక్కడ వస్తున్నాయి సార్. అక్కడెందుకు రాలేదు?"

"ఆ కాలేజీ సిస్టంలో ఏదో తేడా ఉండుంటుంది."

"అలా ఎలా ఉంటుంది సార్? నాకే ఏదో తెలీదు. నాకు రాని పని నెత్తినేసుకున్నా."

కొన్నాళ్ళు వెతికింది. లేని తప్పును వరస వరసలోనూ వెతికింది. నేను పక్క గదిలోంచి చూస్తూ ఉన్నాను. తర్వాత వెతకడం మానేసింది, ఆ తర్వాత రావడం మానేసింది. బీఈడీలో చేరిందని తెలిసింది. నేను మాత్రం ఆ కథను పాఠంగా మార్చుకున్నాను.

ఆ రోజులు గడిచి, ఇన్‌స్టిట్యూట్‌కు పిల్లలు తగ్గి, సగం గదిని ఇంటర్‌నెట్ సెంటరుగా మార్చుకున్నాను. అక్కడ కుర్రాళ్ళు ఒక విదేశీ ఆట మీద పడ్డారు. అదీ తవ్వే ఆటే. గనులు, ఇంధనం, పైకొచ్చి అమ్మడం, పెద్ద యంత్రం కొనడం. బొమ్మలు ఎంతో బాగున్నాయి. తిరుగు దారి విసుగు అందులోనూ ఉంది. లోతుకు వెళ్ళేకొద్దీ కాలే రాయీ, పేలే గ్యాసూ ఎదురవుతాయి.

"అదేంట్రా, అంతసేపు తవ్వి చచ్చిపోతే విసుగు రాదూ?" అని అడిగాను.

"చచ్చిపోతామనే కదా సార్ ఆడేది. లేకపోతే గొయ్యి తవ్వుకోడానికి గంటకి మీకు డబ్బులెందుకివ్వాలి?" అన్నాడొకడు, తల తిప్పకుండా.

గొయ్యే కదా అని ఆమె ఎప్పుడో అన్న మాట. ఆ తర్వాతి బ్యాచ్‌కి బాపట్ల కథ మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. ఆ ఆదివారం రేపల్లె బండి ఎక్కాను.

ఆమె రేపల్లెలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతోంది. ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి వాళ్ళు అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు. కుర్చీ వేసి, గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"తాగండి సార్, కొన్న నీళ్ళే. ఉప్పగా ఉండవు."

"మీరు ఎలా ఉన్నారు?" అన్నాను.

"మీరేంటి సార్ కొత్తగా? అంత పెద్దదాన్నైపోయానా?"

స్కూల్లో కంప్యూటర్ పాఠాలు కూడా చెబుతున్నావా అని అడిగాను. హెడ్మాస్టరు అడిగారనీ, తనకు రాదని చెప్పేశాననీ అంది. ఆ మాట చాలా మామూలుగా అంది. ఇక దాచడం నావల్ల కాలేదు. సీడీ రాసిన మధ్యాహ్నం నుంచి పాత ప్రోగ్రాం తిరిగి పెట్టిన సాయంత్రం దాకా, ఆ తర్వాత పిల్లలకు చెప్పిన కథ దాకా ఏదీ వదలకుండా చెప్పాను. ఆమె ఖాళీ గ్లాసు చేతిలో అటూ ఇటూ తిప్పుతూ విన్నది.

"అయితే నా ప్రోగ్రాం కరెక్టేనా సార్?"

ఉద్యోగం గురించి అడుగుతుందనుకున్నాను, హాల్లో నవ్విన నవ్వుల గురించి అడుగుతుందనుకున్నాను. అడిగింది అదొక్కటే.

"కరెక్టేనమ్మా. మొదటి నుంచీ కరెక్టే."

గ్లాసు కింద పెట్టింది. "ఎన్ని రోజులు వెతికానో మీరు చూశారు కదా సార్," అంది. గొంతు పెంచలేదు. "పక్క గదిలోనే ఉన్నారు."

"ఉన్నానమ్మా. చూస్తూనే ఉన్నాను. నీళ్ళు తీసింది నేను, నీకు రాదని నిన్ను నమ్మించింది కూడా నేనే. ఆ కథ విన్నవాళ్ళకు ఇదంతా రాసి చెబుతాను. నన్ను క్షమించు."