ఆఖరి రీలు ఆపని దేవసహాయం గారు

మనుబోలు దాటుతుంటే బస్సులో ఎవరి ఫోన్లోనో తుపాకీ పేలింది. వెంటనే వచ్చిన వయొలిన్ విని తలెత్తాను. ఒక పాత గ్యాంగ్‌స్టర్ సినిమాను మళ్లీ తీసినప్పుడు మార్చకుండా ఉంచింది ఆ సంగీతం ఒక్కటే. పాతదాంట్లో దాదా మురిక్కాలవ పక్కన, శత్రువు కాళ్లు పట్టుకుని బతిమాలుతూ చస్తాడు. కొత్తదాంట్లో జనం పూలు చల్లుతుంటే నడిచిపోతాడు. ఆ తేడా కోసం ఒక మనిషి ఉద్యోగం పోగొట్టుకోవడం నేను కళ్లారా చూశాను.

ఆయన దేవసహాయం గారు. గూడూరులో నేను టికెట్లిచ్చిన థియేటర్లో ఆపరేటర్. ఆదివారం పొద్దున చర్చి, మిగతా వేళంతా ప్రొజెక్టర్ గది. రీలు తెగితే ఓపిగ్గా అతికించేవారు గానీ ఒక్క ముక్క పారేసేవారు కాదు. "తీసినోడు చెప్పదల్చుకున్నది చెప్పనియ్యాలమ్మా" అనేవారు.

కొత్త సినిమా విడుదలకు ముందు వారం మా ఓనరు పాతది ఉదయం ఆటగా వేశాడు. వాకాడు వైపు ఇసుక తవ్వించే ఒక పెద్దమనిషిని జనం చాటుగా ఆ దాదా పేరుతోనే పిలిచేవాళ్లు. కొత్త సినిమా ఫ్లెక్సీల్లో హీరో పక్కన అతని బొమ్మే. రెండో రోజు అతని మనుషులిద్దరు వచ్చారు.

"ఆఖరి రీలు ఎయ్యబాకండి. మా అన్నే కాళ్లు పట్టుకున్నట్టుండాది. జనం నవ్వతా ఉండారు."

ఓనరు సరేనన్నాడు. దేవసహాయం గారు చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చారు. "సచ్చింది సినిమాలో దాదా గదా నాయనా, మీ అన్నకెందుకు గుచ్చుకున్నాది?"

ఆ రోజు ఆఖరి రీలు పడింది. వాళ్లిద్దరూ పైకి పరుగెత్తేసరికి ఆయన లోపల గడియ వేసుకున్నారు. తలుపు మీద తన్నులు హాల్లోకి వినబడుతున్నా ఒక్కరూ లేవలేదు. సినిమా పూర్తయ్యాకే ఆయన గడియ తీశారు. వాచిన చెంపతో కిందికి దిగారు.

మర్నాడు ఓనరు నా ముందు కాగితం పెట్టాడు. ఆపరేటర్ తాగి గొడవ చేస్తుంటే నేను చూశానని అందులో ఉంది. "సంతకం పెట్టు తల్లీ, నీ ఉద్యోగం నిలబడతాది." మా ఇంటికి నా జీతమే ఆధారం. వరండాలో సామాను సర్దుకుంటున్న దేవసహాయం గారు నా వైపు చూసి, "పెట్టేయమ్మా, నేనేం అనుకోను" అన్నారు. ఆ మాట విన్నాక నాకు చెయ్యి రాలేదు. "ఆయన తాగలేదు. చూసింది రాయమంటే రాస్తాను" అన్నాను. ఇద్దరం కలిసే గేటు దాటాం. "పిచ్చిపిల్లా" అని తిట్టి, స్టేషన్ దగ్గర టీ ఇప్పించారు.

"నిన్న భయమేసిందా సార్?"

"ఎయ్యదా మరి? గడియ ఏసినాక కాళ్లాడలా. రీలు మాత్రం ఆడింది."

ఆయనను మళ్లీ ఏ థియేటరూ పిలవలేదు. నేను పరీక్ష రాసి పంచాయతీ కార్యదర్శినయ్యాను. తవ్వని కాలవ తవ్వినట్టు, జరగని సభ జరిగినట్టు రాసిన కాగితాలు ఇప్పటికీ నా బల్ల మీదకు వస్తుంటాయి. తెచ్చినవాళ్లు సంతకం కోసం ఎదురుగా నిలబడే ఉంటారు. ఇప్పటికి మూడు బదిలీలయ్యాయి. ప్రతిసారీ నాకు కాళ్లు వణుకుతాయి. వణకనిస్తాను. సంతకం మాత్రం పెట్టను.