కొలిమి ఎక్కని పూత

అద్దాల వర్క్‌షాపులో ఆవిడని అందరూ పూతక్క అనేవాళ్లు. గాజు పలకలకు సిలికా పూత వేసి కొలిమిలో కాల్చడం ఆవిడ పని. కాలిస్తే ఆ పూత గాజుని కరుచుకుపోతుంది, ఇక నీళ్లకీ గీతలకీ లొంగదు.

ఒక వానరోజు ఆవిడ తమ్ముడు మోచేతికి కట్టుతో వచ్చాడు. జనాన్ని ఏటి అవతలి ఒడ్డుకి దాటించే లాంచీ నడుపుతాడు. ఇంజను అదురుకి గాజు నిలవదని లాంచీ ముందు ప్లాస్టిక్ పలక బిగించారు. తుడిచి తుడిచి దాని నిండా గీతలే.

“రేవు గోడ కనపడలేదక్కా. రాసుకుంటూ పోయింది. లాంచీ నిండా బడిపిల్లలు.”

మర్నాడే పూతక్క వర్క్‌షాపు యజమానిని అడిగింది.

“ప్లాస్టిక్‌కి మన పూత వేద్దామండీ.”

“కొలిమిలో పెడితే ఎండుటాకులా చుట్టుకుపోతుంది కదమ్మా.”

“కొలిమి లేకుండానే వేస్తాను.”

“ఇన్నాళ్లకి కొలిమి మీద అలిగావన్నమాట!” అని నవ్వి, భోజనాల వేళ బల్ల వాడుకోమన్నాడు.

కొత్త ప్లాస్టిక్ ముక్కల్ని పూత ద్రవంలో ముంచి, గోరువెచ్చటి పెట్టెలో ఆరబెట్టింది. తళతళలాడాయి. నీళ్లలో వేసి వేలితో రుద్దితే పూత పొట్టులా ఊడొచ్చింది. పలచగా వేసింది, ఊడింది. ఎక్కువసేపు ఆరబెట్టింది, అయినా ఊడింది.

“వదిలెయ్యక్కా, కళ్లు చించుకుని నడుపుకుంటాలే,” అన్నాడు తమ్ముడు.

“నువ్వు లాంచీ సంగతి చూసుకో. ఇది నా పని.”

ఆవిడ పట్టు చూసి యజమాని నవ్వడం మానేశాడు. ఒకరోజు పక్కన కూర్చున్నాడు.

“సిలికా రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవడానికేగా మనం కాల్చేది? అమ్మోనియా ఆవిరి తగిలినా పట్టుకుంటాయని రసాయనాలమ్మే అతను అన్నాడు. చూద్దామా?”

మూత డబ్బాలో పూత వేసిన ముక్కలు వేలాడదీసి, అడుగున అమ్మోనియా నీళ్లు పోశారు. మూత తీస్తే ఇద్దరికీ కళ్లలో నీళ్లు. పూత గట్టిపడింది గానీ, పాలు ఒలికినట్టు తెల్లబడింది. ఆవిరి మరీ ఎక్కువైందని ఆవిడకి తోచింది. అమ్మోనియా తగ్గించి మళ్లీ పెట్టింది. ఈసారి నానబెట్టి, గరుకు గుడ్డతో చెయ్యి పీకేదాకా రుద్దినా పూత కదల్లేదు. పలకలోంచి ఎదుటి గోడ మీది పగుళ్లు కూడా కనపడుతున్నాయి.

అలాగే పూత వేసిన కొత్త పలకని దగ్గరుండి లాంచీకి బిగింపించింది. వానాకాలం మధ్యలో ఒక మూల పొర లేస్తే, పూతకి ముందు పలక సరిగా కడగలేదని తనని తానే తిట్టుకుని, విప్పి మళ్లీ పూత వేసింది. అది నిలిచింది.

మరుసటి వానలకి మిగతా లాంచీల వాళ్లూ పలకలు చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. యజమాని ఆవిడకో గది ఇచ్చి, గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టించాడు.

“ఇంకేం కావాలి?”

“ఇంకో మనిషి కావాలండీ. నాకున్నవి రెండే చేతులు.”