బర్ కాదు, బహర్

కువైట్‌లో తాను పనిచేసే ఇంట్లో సంజీవమ్మను ఎవరూ సంజీవమ్మ అని పిలవరు. పిల్లలు "బహర్, నీళ్లు" అంటారు. చుట్టాలు వస్తే "బహర్, చాయ్" అన్న కేక వినిపిస్తుంది. ఆమె వంటింట్లోంచి తడిచేతులు పైటకు తుడుచుకుంటూ వస్తుంది. బహర్ అంటే అరబ్బీలో సముద్రం. రాయచోటి పక్క మెట్టపొలాల్లో చెనక్కాయలు పెరికి బతికిన మనిషికి సముద్రం పేరు ఎట్లా వచ్చిందన్నదే ఈ కథ.

ఆమె ఈ దేశానికి వచ్చింది కూతురి కోసం. మొగుడు వదిలేసి పోయాక మునిలక్ష్మి కువైట్ దారి పట్టింది. ఒక్కతే అయిపోయిన తల్లి దగ్గరికి ఏజెంటు వచ్చి, నీ బిడ్డ ఉండే ఇంట్లోనే నీకూ పని, తల్లీకూతుళ్లు ఒకే పొయ్యి కాడ ఉండొచ్చు అని చెప్పాడు. సంజీవమ్మ వీరభద్రస్వామికి టెంకాయ కొట్టి విమానం ఎక్కింది. తీరా దిగినాక చూస్తే, ఇద్దరు కువైటీ అక్కాచెల్లెళ్లలో కూతురు ఉండేది చెల్లెలి ఇంట్లో, తనను పెట్టింది అక్క ఇంట్లో. ఇక్కడ పనివాళ్లు ఇంటావిడను మామా అని, ఇంటాయనను బాబా అని పిలవాలి. నడుమ ఊరంత దూరం. ఏజెంటుకు ఫోన్ చేసి అడిగితే, "అక్కాచెల్లెండ్ల ఇండ్లు రెండూ ఒకటే గదమ్మా, నువ్వు మరీ ఇడమర్సి అడుగుతాండావే" అన్నాడట.

ఇక్కడికి వచ్చాక కూతుర్ని ఆమె చూసింది ఒక్కసారే. రంజాన్ పండగ నాడు అక్కాచెల్లెళ్లిద్దరూ తల్లి ఇంటికి పోతూ పనివాళ్లను వెంట తీసుకుపోయారు. తల్లీకూతుళ్లు పక్కపక్కన నిలబడి పొద్దుగూకేదాకా గిన్నెలు తోమారు. బరువు గిన్నెలన్నీ మునిలక్ష్మి తన వైపుకు లాక్కుంది. కూతురి ముంజేతి మీద కాలిన మచ్చ తల్లి చూసింది. తల్లి చూసిందని కూతురూ గమనించింది.

ఆ ఇంట్లో ఆమెకు తెలుగు వినబడేది ఒక్క నోటి నుంచే. డ్రైవర్ ఇమ్తియాజ్ కడప మనిషి, చాలా ఏళ్లుగా అక్కడే పనిలో ఉన్నాడు. ఆమెను పిన్నమ్మా అని పిలుస్తాడు. మనవాళ్ల అంగళ్లుండే అబ్బాసియాకు పోయినప్పుడల్లా అడగకుండానే ఇంత కరివేపాకు తెచ్చి, వంటింటి కిటికీలో పెట్టి పోతాడు. సౌదా సామాన్లు దించేటప్పుడు బియ్యం మూట ఆమెను ముట్టుకోనివ్వడు. ఇట్లాంటి మనుషుల్ని దేవుడు అక్కడక్కడా పెట్టి ఉంచుతాడు.

చలికాలం వస్తే కువైట్ వాళ్లకు ఇల్లు ఇరుకైపోతుంది. కొందరు ఎడారికి పోయి గుడారాలు వేసుకుంటారు. దాన్ని బర్ అంటారు. కొందరు సముద్రం ఒడ్డున కట్టుకున్న ఇండ్లకు పోతారు. వాటిని షాలీ అంటారు. ఎవరు ఎక్కడికి పోయినా వెనుక పనివాళ్లు పోవాల్సిందే.

ఆ చలికాలంలో ఒకరోజు మునిలక్ష్మి ఫోన్ చేసింది. గొంతు తగ్గించి, గబగబా చెప్పింది.

"అమ్మా, మా బాబాకు సౌదీలో పని వచ్చింది. ఇల్లు ఎత్తేస్తాండారు. సుక్కురారం అందరం బహర్‌కి పోతాండాం. శనివారం మద్యాన్నం ఆట్నించి ఆట్నే బార్డరు దాటుతాం. మల్లా ఎప్పుడో నాకు తెలీదు. మీ మామాను అడుక్కోని నువ్వూ బహర్‌కి రామ్మా."

తల్లి ఇంకో మాట అడిగేలోగా ఫోన్ తెగిపోయింది. ఎవరో వచ్చి ఉంటారు.

మునిలక్ష్మికి ఇక్కడి మాటలు అలవాటైపోయి సముద్రం అనడం మరిచిపోయింది. సంజీవమ్మకు తెలిసిన అరబ్బీ వంటింటిది: ఉప్పు, నీళ్లు, తొందర, అయిపోయింది. కానీ ఉర్దూ మాత్రం కొంచెం తెలుసు. రాయచోటిలో వాళ్ల గోడకు ఆనుకున్న ఇల్లు గౌసియా బీది. ఆమె పొద్దున లేచింది మొదలు కోళ్లను "బాహర్, బాహర్" అని తరిమేది. బాహర్ అంటే బయట. ఈ ఇంట్లో మామా కూడా పిల్లిని తరిమేటప్పుడు "బర్రా" అంటుంది. బర్రా అన్నా బయటే. ఊరి బయట గుడారాలు వేసే చోటు పేరు బర్. సంజీవమ్మ ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుంది. బాహర్, బర్రా, బర్, అన్నీ బయటే. బిడ్డ పోయేది గుడారాలకే. ఒకరిని అడగకుండా ఆ మాట తానే విప్పుకున్నందుకు ఆమెకు లోపల సంబరం కూడా కలిగింది.

గురువారం నాడు మామా వంటింట్లోకి వచ్చింది. తన తల్లీ చెల్లెలూ షాలీకి పోతున్నారని, తాను బర్‌కి పోతున్నానని చేతులు ఊపుతూ చెప్పింది. ఇంట్లో సంజీవమ్మతో పాటు శ్రీలంక మనిషి ఇంకొకామె ఉంది. ఒకరు అక్కడికి, ఒకరు ఇక్కడికి. నీకేది కావాలి, బర్ కావాలా, షాలీ కావాలా అని అడిగింది. అందులో 'చెల్లెలు' అనే అరబ్బీ మాట సంజీవమ్మకు అందలేదు. నీకేది కావాలి అన్న ప్రశ్న మాత్రం అందింది. అంతవరకు ఆ ఇంట్లో ఆమెను ఎవరూ అట్లా అడిగింది లేదు. మామా ఆ పూట మంచికే అడిగిందేమో, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

"బర్ మామా, బర్" అంది సంజీవమ్మ.

మామా కనుబొమలు ఎగరేసింది. బర్‌లో చలి, పని జాస్తి అంది. ఈమె నవ్వుతూ మళ్లీ అదే మాట చెప్పింది.

ఆ సాయంత్రమే చెనక్కాయలు వేయించి, ఇమ్తియాజ్ తెచ్చిపెట్టిన బెల్లంతో ఉండలు కట్టింది. పాత చీర చించి, ఆ నేరేడుపండు రంగు గుడ్డలో మూట కట్టింది. ఊరి నుంచి తెచ్చుకున్న స్వామి విభూతి చిన్న పొట్లం ఉంటే అది కూడా లోపల పెట్టింది.

బర్ అంటే ఇసుక, ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. ముళ్లకంపలకు ప్లాస్టిక్ కవర్లు తగులుకుని రెపరెపలాడుతుంటాయి. శుక్రవారం పగలంతా సంజీవమ్మ అన్నం ఉడికిస్తూనే వచ్చే ప్రతి కారు వైపు చూసింది. కారు ఆగుతుంది, తలుపులు తెరుచుకుంటాయి, ఎవరెవరో దిగుతారు. మూట కొంగున దోపుకునే తిరిగింది. సాయంత్రం అసర్ నమాజు కూడా అయిపోయాక ఇక ఉండబట్టలేక మామా దగ్గరికి పోయి మునిలక్ష్మి ఎక్కడ అని అడిగింది.

షాలీలో ఉంది, బహర్‌లో, అంది మామా.

ఇదే కదా బహర్ అన్నట్టు సంజీవమ్మ ఇసుక చూపించింది.

మామా ముందు అర్థం కాక చూసింది. అర్థమయ్యాక కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆపుకోలేక ఇమ్తియాజ్‌ను పిలిచి, ఈమెకు చెప్పు అంది. అతను తల వంచుకునే చెప్పాడు.

"పిన్నమ్మా, ఇది బర్. బహర్ అంటే సముద్రం. ముని ఆడుండాది."

"దూరమా నాయనా?"

"దూరమే. ఊరికి ఈ కొస మనం, ఆ కొస వాళ్లు."

ఆ రాత్రి గుడారంలో అదే ఆట అయింది. కొత్తగా ఎవరు వచ్చినా మామా ఆమెను పిలిచి, ఇసుక చూపించి, ఇదేంది అని అడిగేది. బహర్ అని చెప్పించి, అందరూ నవ్వాక పంపేది. పిల్లలు బకెట్ నీళ్లు తెచ్చి ఆమె పాదాల మీద పోసి, ఇదిగో నీ బహర్, ఈదు అన్నారు. ఆ చలిలో నీళ్లు ఎముకల్లోకి దిగాయి. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే పొగరు అనుకుంటారు. వచ్చినవాళ్లలో ఒక ముసలామె మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి తన ఉన్ని శాలువా తీసి సంజీవమ్మ భుజాల మీద కప్పి, తల నిమిరి పోయింది. ఆమె కారు కదలగానే, తిరిగి పంపించాలి అంటూ మామా ఆ శాలువా తీసేసుకుంది. గుడారాలకు కాపలా ఉండే బంగ్లాదేశ్ ముసలాయన తన నిప్పుల కుంపటి ఆమె వైపుకు జరిపాడు.

తెల్లవారాక ఇమ్తియాజ్ ఒక ఉపాయం చేశాడు. కోసిన పొట్టేలు మాంసంతో వండిన అన్నం పెద్ద తపేలాతో షాలీకి, మామా తల్లికి పంపాలి. నెయ్యి ఒలికితే కారు సీట్లు పాడైపోతాయి, పట్టుకుని కూర్చునే మనిషి కావాలి అని అతను మామాతో అన్నాడు. తపేలాకు మూత గట్టిగానే ఉంది. అల్లా అతని ఆ అబద్ధాన్ని క్షమించే ఉంటాడు.

మామా నవ్వి, పొమ్మంది. కానీ ముందు గిన్నెలు అంది.

రాత్రి తిన్న గిన్నెలన్నీ గుట్టగా ఉన్నాయి. నీళ్లు కొంచెమే కాబట్టి ముందు ఇసుకతో రుద్ది, తర్వాత కడగాలి. ఇమ్తియాజ్ చొక్కాచేతులు మడిచి కూర్చోబోతే, కారు తుడువు అని మామా అతన్ని లేపింది. సంజీవమ్మ వేళ్ల సందులు చిట్లేలా రుద్దింది. కడిగినవాటిలో ఒకటి తీసి చూసి, జిడ్డు ఉంది, మళ్లీ అంది మామా. ఎండ గుడారం నెత్తికి వచ్చింది. మధ్యాహ్నానికి చెల్లెలి వాళ్లు వెళ్లిపోతారని మామాకు తెలియనిది కాదు.

చివరికి యల్లా, ఇక కదులు, నీ బహర్‌కి పో, అంది.

తపేలాను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ చుట్టి సంజీవమ్మ కూర్చుంది. ఇసుక దాటారు, ఊరి మేడలు దాటారు, షుఐబా నూనె ఫ్యాక్టరీల పొగగొట్టాల మీద మండే మంటలు దాటారు. మళ్లీ ఇసుకే వచ్చింది. తపేలా వేడికి ముంజేయి ఎర్రబడిందని ఇమ్తియాజ్ తన తువ్వాలు అందించాడు. వాళ్లుంటారా నాయనా అని ఆమె అడిగినప్పుడల్లా ఉంటారు పిన్నమ్మా అన్నాడు, అంటూనే కారు వేగం పెంచాడు. ఆమె స్వామిని తలుచుకుంటూ దారి పొడుగునా పెదవులు కదిలిస్తూనే ఉంది.

ఒక మలుపులో ఇసుక తెగిపోయి నీలం కనబడింది. పుట్టి బుద్ధెరిగినాక ఆమె సముద్రం చూడటం అదే. ఆవలి ఒడ్డు కోసం వెతికింది, కనబడలేదు.

"ఇదేనా బహర్?"

"ఇదే."

"ఇంత పెద్దదని చెప్పింటే నేను ఇసుక అనుకుంటానా" అంది తనలో తాను.

షాలీ గేటు ముందు తెల్ల కారు నిలబడి ఉంది. పైన సామాను కట్టేశారు, ఇంజన్ తిరుగుతోంది. వెనుక సీట్లో మునిలక్ష్మి ఉంది, ఒళ్లో చిన్నపిల్లవాడు నిద్రపోతున్నాడు. సంజీవమ్మ తపేలా సీటు మీద ఒరిగిపోతున్నా వదిలేసి, దిగి పరుగెత్తింది. మునీ, మునీ అంటూ అద్దం మీద అరచేయి పెట్టింది. లోపల నుంచి కూతురు అరచేయి వచ్చి అక్కడే ఆనింది. తలుపు తీయబోయింది తల్లి. అది రాలేదు.

ముందు సీట్లో కూర్చున్న మామా చెల్లెలు నోటి మీద వేలు పెట్టి పిల్లవాణ్ని చూపించింది. నిద్ర లేస్తాడట. దారి పొడుగునా ఏడుస్తాడట. సంజీవమ్మ అర్థమైనట్టు తల ఊపి, గొంతు తగ్గించి, రెండు చేతులూ జోడించి ఒక్క నిమిషం అని సైగ చేసింది. మునిలక్ష్మి ఏదో చెబుతోంది. అద్దం వెనుక పెదవులు కదులుతున్నాయి కానీ మాట రావడం లేదు. అప్పుడు సంజీవమ్మ కొంగున ఉన్న మూట తీసి చూపించింది. చెల్లెలు తన వైపు అద్దం నాలుగు వేళ్లంత దించి, చేయి చాపి మూట తీసుకుంది. అద్దం పైకి పోయింది.

కారు కదలబోతుంటే ఈమె ఇంకా తలుపు పట్టుకునే ఉంది.

"బర్రా" అంది చెల్లెలు మళ్లీ అద్దం కొంచెం దించి, పిల్లిని అన్నట్టు.

ఆ మాట మాత్రం సంజీవమ్మకు బాగా తెలుసు. చేయి తీసేసింది. మునిలక్ష్మి వెనక్కి తిరిగి, నిద్రపోయే పిల్లవాడి చేయి పట్టుకుని ఎత్తి ఊపింది. తన చేయి ఊపితే పట్టుబడుతుందని కాబోలు. దుమ్ము అణిగేసరికి దారి ఖాళీ అయిపోయింది.

ఇమ్తియాజ్ అప్పటికే తపేలా లోపల ఇచ్చి వచ్చాడు. సీటు మీద ఒలికిన నెయ్యిని మామా చూడకముందే తన తువ్వాలుతో, తర్వాత తన తలగుడ్డతో తుడుస్తున్నాడు. ఆమెను ముందు కూర్చోబెట్టి నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. మూట చేరింది గదా పిన్నమ్మా, బార్డరు కాడ ఆగినప్పుడు ఇస్తుందిలే, అన్నాడు. ఇస్తుందిలే నాయనా, అంది ఆమె.

షాలీ సందు దాటి పెద్దరోడ్డు ఎక్కకముందు, ఎడమ పక్క ఇసుకలో నేరేడుపండు రంగు గుడ్డ కనబడింది. ముడి విడిపోయి ఉంది. ఉండలు చెల్లాచెదురుగా పడ్డాయి, ఒక కాకి అప్పుడే దిగింది.

ఇమ్తియాజ్ ఉలిక్కిపడి కుడి వైపు చేయి చూపించాడు.

"పిన్నమ్మా, అట్ల సూడు, ఒంటెలు."

సంజీవమ్మ కుడి వైపు తిరిగింది. అక్కడ ఒంటెలు లేవు, ఇసుక తప్ప. గుడ్డను ఆమె అతని కంటే ముందే చూసింది. చూశానని చెబితే ఆ పిల్లగాడు బాధపడతాడని, కారు పెద్దరోడ్డు ఎక్కేదాకా తల అటే తిప్పుకుని కూర్చుంది.

"ఎన్ని ఉండాయో నాయనా" అంది.