ఇంటి దగ్గు

మా మేనత్త పోయిందని మామ ఫోన్ చేసినప్పుడు నేను బెళ్ళందూరులో మా ఆఫీసు ఎదుట టీ బండి దగ్గర నిలబడి ఉన్నాను. "మీ అత్త పోయిందప్పా. కాఫీ అడిగింది, కలిపి తెచ్చేలోపల..." అని మామ ఆగిపోయాడు. నా ఎడమచేతిలో ఫోను, కుడిచేతిలో అప్పుడే వెలిగించిన సిగరెట్టు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయిన మనిషి కబురు నేను అలా విన్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ కొలత తప్పు రాస్తే ఊరుకునే మనిషి కాదు ఆమె, ఆమె గురించి రాస్తూ అబద్ధంతో ఎలా మొదలుపెట్టను?

అత్తకు పీణ్యలో ఒక చిన్న మెషిన్ షాపులో ఉద్యోగం. లేతు మెషిన్ల మీంచి దిగిన ఇనుప ముక్కల్ని మైక్రోమీటరుతో కొలిచి ఒక్కోదానికి రంగు చుక్క పెట్టాలి. సరిగ్గా ఉన్నదానికి ఆకుపచ్చ, పారేసేదానికి ఎరుపు, మళ్ళీ మెషిను ఎక్కించి బాగుచేయదగ్గదానికి పసుపు. ఎరుపు పెట్టేముందు మూడుసార్లు కొలిచేది. పసుపంటే మాత్రం ముద్దు. "మెటలు ఎక్కువుంటే కోసుకోవచ్చునప్పా. తక్కువైపోయినాకనే ఏం చేసేదానికీ లేదు" అనేది. సెలవుల్లో నన్ను షాపుకు తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకునేది కాబట్టి ఆ మూడు రంగుల సంగతి మా ఇంట్లో మా ఇద్దరికే తెలుసు. మామకు అవి ఎప్పుడూ పట్టలేదు, ఆయన లోకం వేరు, బస్సు డిపో.

తల్లిలేని నేను పీణ్యలోని వాళ్ళింటికి వచ్చేసరికి నాకు తొమ్మిదేళ్ళు. మా నాన్న అప్పుడే పోయాడు. అంతకుముందు పెదనాన్న, ఆయనకంటే ముందు తాత. ముగ్గురూ దగ్గి దగ్గి చిక్కిపోయి వెళ్ళిపోయినవాళ్ళే, ముగ్గురిలో ఒక్కరూ బీడీ ముట్టలేదు. మదనపల్లె వైపు మా చుట్టాలు దానికి 'ఇంటి దగ్గు' అని పేరు పెట్టారు. ఇల్లు అంటే గోడలనుకున్నవాళ్ళు కొందరు. వాళ్ళు పొయ్యి జరిపించారు, గడప మార్పించారు. ఇల్లు అంటే ఇంటిపేరనుకున్నవాళ్ళు మరికొందరు. ఆ ఇంటిపేరున్న మగవాళ్ళకే వస్తుందని, పెళ్ళై వేరే ఇంటికి పోయిన ఆడపిల్లను అది అంటదని వాళ్ళ లెక్క. అత్తది ఈ రెండో జట్టు. తన ఇంటిపేరు మారిపోయింది, ఊరూ మారిపోయింది, ఇంకేం భయం అనుకునేది.

భయమంతా నా మీదే. అందరిళ్ళలో అన్నం తింటూ పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తడతారు. మా ఇంట్లో వడ్డిస్తున్న గరిటె గాల్లో ఆగిపోయేది. "ఏమప్పా, దగ్గినావు?" "పొలమారిందత్తా." ఆ మాట చెప్పేదాకా గరిటె దిగేది కాదు. చెప్పాక కూడా ఇంకోసారి దగ్గుతానేమోనని నా మెడవైపే చూస్తూ వడ్డించేది. దగ్గు వస్తే మింగేయడం నేను అలా చిన్నప్పుడే నేర్చుకున్నాను.

ఉద్యోగం వచ్చి మారతహళ్ళిలో ఇంకో ముగ్గురితో గది తీసుకున్నాక సిగరెట్టు మొదలైంది. నాకు నేను చెప్పుకున్న వాదం ఒకటుంది. తాగని మా నాన్న పోయాడు కదా, మరి తాగితే ఏం, మానితే ఏం? రాసిపెట్టి ఉంటే వస్తుంది. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టాలనిపిస్తుంది గాని, అప్పట్లో అది నాకు గొప్ప తర్కంగా కనిపించేది. ఆదివారం పీణ్య వెళ్ళేముందు చొక్కా మార్చుకుని, నోట్లో రెండు లవంగాలు వేసుకుని బస్సెక్కేవాణ్ణి.

అత్తకు దగ్గు మొదలైంది ఆ రోజుల్లోనే. నెల దాటినా తగ్గలేదు. గాజులు మోచేతిదాకా జారుతున్నాయని తనే చూపించి నవ్వింది. దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన ఎక్స్‌రేలో మచ్చ చూసి, "మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి దగ్గు ఉందా అమ్మా?" అని అడిగాడు.

"లేదు సార్. మా ఇంట్లో ఎవురికీ లేదు" అంది అత్త.

నేను పక్కనే ఉన్నాను. ఆమె అబద్ధమాడలేదు. పెళ్ళైన ముప్ఫై ఏళ్ళుగా 'మా ఇల్లు' అంటే ఆమెకు మామ ఇల్లే, మామ వాళ్ళలో ఎవరికీ దగ్గు లేదు. నాకైతే ఆ మాట ఎక్కడ తప్పిందో తెలుసు. నోరు విప్పితే డాక్టరు తరువాత అడగబోయేది, మీ ఇంట్లో పొగ తాగేవాళ్ళున్నారా అని. నేను నోరు విప్పలేదు. క్షయ అన్నాడాయన. ఆరు నెలలు మాత్రలు మింగింది. దగ్గు అలాగే ఉంది, ఇంకాస్త సన్నబడింది.

ఊళ్ళోని పెద్దాసుపత్రిలో సూదితో ముక్క తీసి పరీక్షించాకగాని అది క్యాన్సరని తేలలేదు. అక్కడి డాక్టరమ్మ కన్నడావిడ, తెలుగు మాట్లాడుతుంది. పొగ తాగుతారా అంటే అత్త నవ్వింది. ఇంట్లో ఎవరికైనా ఉందా అంటే మళ్ళీ లేదంది. డాక్టరమ్మ కలం ఆపి, "ఈ ఇల్లు కాదమ్మా. మీ తవరుమనె. పుట్టింట్లో?" అంది.

అత్త తల తిప్పి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, తప్పు కొలత పట్టుకున్నప్పుడు ముఖంలో కనిపించే ఉలికిపాటే ఉంది. తరువాత ఒక్కొక్కటే వేలు మడిచింది. "మా నాయన. మా పెద్దన్న. వీళ్ళ నాయన."

"ముందు చూసిన డాక్టరుకు చెప్పినారా?"

"ఆయప్ప మీ ఇంట్లో అనడిగినాడు మా. పుట్టిల్లని అడగలా."

డాక్టరమ్మ కాగితం తీసుకుని మగవాళ్ళకు చదరాలు, ఆడవాళ్ళకు సున్నాలు గీసింది. పోయినవాళ్ళవి నల్లగా నింపుతూ చెప్పింది. పుట్టుకతో వచ్చేది జబ్బు కాదట, జబ్బుకు తొందరగా లొంగే గుణమట. ఆ గుణం కొడుకని కూతురని చూడదు, ఇంటిపేరు అసలే చూడదు. అందరికీ దిగదు, దిగినవాళ్ళందరికీ జబ్బు రాదు. ఎవరిలో ఉందో చెప్పే పరీక్ష తమ దగ్గర లేదంది.

నేను ఆగలేకపోయాను. "అయితే రాసి ఉంటే వచ్చేదే కదండీ? పొగ తాగినా, తాగకపోయినా?"

"రాసి ఉండేదానికి మీరు పైన ఇంకో గీత గీస్తారా?" అంది ఆవిడ. "మీలాంటి ఇంట్లో వాళ్ళకే పొగ ఇంకా చెడ్డది. మీరు తాగుతారా?"

"లేదు" అన్నాను.

అత్త కాగితంలోని చదరాలు చూస్తూ కూర్చుంది. నమ్మిందనుకున్నాను.

ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని, డ్రాయింగు షీటు మీద తన స్టీలు స్కేలుతో పెద్దదిగా మళ్ళీ గీసింది. చికిత్సకూ చికిత్సకూ మధ్య ఓపిక చిక్కిన రోజుల్లో చుట్టాలకు ఫోన్లు. ఎవరికి దగ్గు, ఎన్నాళ్ళు దగ్గారు, ఆడపిల్లల్ని కూడా చెప్పండి అని. అలా తేలింది, తాత చెల్లెలొకావిడ కూడా దగ్గుతోనే పోయిందని. ఆమె ఇంటిపేరు వేరు కాబట్టి మా లెక్కలోకి రాలేదు. "చూడప్పా, మేం లెక్కలోనే లేకపోతిమి" అంది అత్త. కూతుళ్ళున్న ప్రతి ఇంటికీ ఫోన్ చేసి, దగ్గొస్తే డాక్టరుకు పుట్టింటి సంగతి ముందు చెప్పమని మరీ మరీ చెప్పింది.

పోయినవాళ్ళకు ఎర్ర చుక్కలు పెడుతూ తన సున్నాలో కూడా పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. బతికుండగా ఇదేం పని అని అరిచాను.

"కొలిచినారు, రిపోర్టు వచ్చింది. కొలిచినాక రంగు దాపెట్టేది తప్పప్పా." నా చదరం మీద అరచెయ్యి పెట్టి, "నీది ఇంకా కొలవలా" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. చివరి నెలల్లో ఒక ఆదివారం నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. "లవంగాలు శానా తింటాండావు. పన్ను నొప్పా?" అని అడిగింది.

"ఆఁ, అత్తా."

"చూపించుకోప్పా. లేట్ చేయొద్దు."

కర్మలన్నీ అయ్యాక పీణ్యలో మామ, నేను భోంచేస్తున్నాం. నాకు దగ్గొచ్చింది, ఈసారి మింగలేకపోయాను. మామ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏమప్పా, దగ్గినావు?" అన్నాడు, అచ్చం ఆమెలాగే. పొలమారింది మామా అన్నాను. ఆయన గరిటె పెట్టేసి లోపలికెళ్ళి, చుట్టిన షీటు తెచ్చి నా పక్కన పెట్టాడు.

"నీకియ్యమనింది. నీ దాంట్లో మాత్రం వంటింటి పసుపు తడిపి పెట్టింది. పసుపంటే ఏమే అంటే, వానికి తెలుసులే అనింది. ఏమప్పా అది?"

షీటు విప్పి ఆ చుక్క మీద కుడిచేతి చూపుడువేలు ఆనించాను. ఆ వేలూ దాని గోరూ సిగరెట్టు పొగకు ఏనాడో పసుపుపచ్చగా మారిపోయి ఉన్నాయి. వాసన దాచడానికి లవంగాలు తిన్నవాణ్ణి, రంగు సంగతి మరిచాను. రంగులు చూడటమే వృత్తిగా బతికిన మనిషి ముందు ఆ చెయ్యి చాపి కూర్చున్నాను. మామకు అంతా చెప్పేశాను, మొదటి డాక్టరు దగ్గర నోరు మూసుకున్నదానితో సహా. ఆయన మళ్ళీ గరిటె అందుకున్నాడు. తరువాత, అన్నం చల్లారుతోంది తినమన్నాడు.

ఆ డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళి ఎక్స్‌రే తీయించుకున్నాను. ఇప్పటికి ఏమీ లేదంది. ఆ 'ఇప్పటికి' అన్న మాట నాతోనే ఉంటుంది. సిగరెట్టు ఆపి ఏడు వారాలైంది, మధ్యలో రెండుసార్లు తప్పాను, అది కూడా రాయాలి. గోరు మొదలు దగ్గర తెల్లటి కొత్త గోరు వస్తోంది, పాత పసుపు పైకి జరుగుతోంది. ప్రతి ఆదివారం పీణ్య వెళ్ళి, కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని, అత్త స్టీలు స్కేలు పెట్టి అది ఎంత జరిగిందో కొలుస్తున్నాను.