నిప్పు తగలని నీళ్ళు

ప్రతి ఆదివారం పొద్దున్నే మా ఇంట్లో పచ్చకామెర్లకు మందు ఇచ్చేవాళ్ళం. మా వైపు పసికర్లంటారు. నేల ఉసిరి మొక్కను వేళ్ళతో సహా నూరి, పలచటి మజ్జిగలో కలిపి, వెండి గ్లాసుతో పరగడుపున తాగించడం మా ముత్తాతగారి నాటి నుంచి వస్తున్న పని. పైసా పుచ్చుకునేది లేదు. పళ్ళు తెచ్చినా, కొబ్బరికాయ తెచ్చినా గుమ్మం దాటనిచ్చేవాళ్ళం కాదు. పొలాలు పోయాయి, రైసు మిల్లు పోయింది, వీధివైపు సావిడి కూలిపోతే పెంకులు కూడా అమ్ముకున్నాం. ఆదివారం పొద్దున అరుగు కింద చెప్పులు మాత్రం అలాగే ఉండేవి. ఆ చెప్పులు చూసుకుని మిగతా వారమంతా తలెత్తుకు తిరిగేవాణ్ణి.

ఈ మందుకు రెండు నియమాలుండేవి. మజ్జిగలో కలిపే నీళ్ళు పెరటి నూతిలోంచి అప్పటికప్పుడు తోడినవి కావాలి, వాటికి నిప్పు తగలకూడదు. కాచిన నీళ్ళు కలిపితే మొక్కలోని గుణం చచ్చిపోతుందని తాతగారు అనేవారు. రెండోది, రోగి ఒక్కడే తాగితే చాలదు, ఇంటిల్లిపాదీ తలా కాస్త తాగాలి. జబ్బు ఒకరి నుంచి ఒకరికి పాకుతుందని మా పెద్దలకు తెలుసు. ఎలా పాకుతుందో మాత్రం వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు.

మా పినతండ్రి కొడుకు డాక్టరు. ఏదో పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తున్నప్పుడు మందు ప్రస్తావన వచ్చింది. "అన్నయ్యా, కలుషితమైన నీళ్ళతో వచ్చే పసికర్లు చాలామందికి వాటంతటవే తగ్గిపోతాయి. నువ్వు మందిచ్చినా తగ్గుతాయి, నేను చేతులు కట్టుకుని కూర్చున్నా తగ్గుతాయి. ఆ పేరేదో నువ్వే తీసుకో, నాకేం బాధ లేదు," అని నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, "కడుపుతో ఉన్నవాళ్ళొస్తే మాత్రం నీ గ్లాసు పక్కన పెట్టి నేరుగా పెద్దాసుపత్రికి పంపించు. వాళ్ళకిది ప్రాణం మీదికి తెస్తుంది," అన్నాడు. మొదటి మాట నాకు గుచ్చుకుంది. ఆ కోపంలో రెండోది వినలేదని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకుంటూ వచ్చాను. కానీ విన్నాను.

పెరడు సగం అమ్మినప్పుడు కొన్నవాళ్ళు అందులో మేడ కట్టుకున్నారు. వాళ్ళ మరుగుదొడ్డి గొయ్యి సరిగ్గా మా నూతికి గోడ అవతల పడింది. ఒకరోజు గొయ్యి నిండిపోతే తోడడానికి ట్యాంకరు వచ్చింది. కంపు భరించలేక అరవడానికి వెళ్ళినవాణ్ణి గోడ మీంచి తొంగిచూశాను. చుట్టూ కాంక్రీటు ఒరలైతే దించారు గాని అడుగున సిమెంటు లేదు, అంతా మట్టే. మాది ఇసక పాలున్న నేల, కాస్త తవ్వితే ఊట. ఎక్కడి నీళ్ళు ఎక్కడికి చేరుతున్నాయో ఎవరూ నాకు విప్పి చెప్పనక్కర్లేకపోయింది. వాళ్ళతో మాట్లాడితే, "నూతి పక్కనే అమ్మినప్పుడు తమకి తెలీదాండి?" అంటారేమోనని వెనక్కి వచ్చేశాను.

తాగడానికి మేము అప్పటికే చాలా ఏళ్ళుగా టిన్ను నీళ్ళు కొనుక్కుంటున్నాం. ఊళ్ళో అందరూ అంతే. నూతి నీళ్ళు అంట్లకీ మొక్కలకీ వాడేవాళ్ళం. మా ఆవిడ అదే ఎత్తిపొడిచింది.

"మనం కాళ్ళు కడుక్కునే నీళ్ళు జనం గొంతులో పోస్తున్నారు. ఆ టిన్నులోవి కలపండి. మీ తాతగారేం దిగొచ్చి చూడరులెండి."

"ప్లాస్టిక్ టిన్ను నీళ్ళతోనా మందు?"

"మీ నోటికి పనికొచ్చినవి మందుకి పనికిరావేంటండి?"

నేను జవాబు చెప్పకుండా లేచి వెళ్ళిపోయాను. మా ఇంట్లో మగవాళ్ళు మాటకు మాట అనకుండా లేచి వెళ్ళడాన్ని హుందాతనం అనుకునేవారు.

మొన్నటి ఏడు, కాలవలకు నీళ్ళు వదిలిన కొత్తల్లో, మా వీధిలో చేపలమ్మే ఆవిడ ఆదివారం పూట గంప లేకుండా వచ్చింది. వాళ్ళది మొగల్తూరు దాటాక సముద్రం వైపు పల్లె. వెనక కొడుకూ కోడలూ ఉన్నారు. కొడుకు కళ్ళు పచ్చగా ఉన్నాయి.

"బాబుగారండి, మావోడు అన్నం చూత్తే చాలు, వాంతులేనండి," అంది.

"నీ వంట అలా ఉంటదేమో," అన్నాడు వరసలో ఒకాయన.

"నా వంటకేంటండి? మొన్న పులుసు పంపితే తమరు చట్టి కడిగే పని లేకుండా చేసేరు కదా!"

అందరూ నవ్వారు. కొడుకు తాగాడు, ఆవిడ తాగింది. కోడలి వంతు వచ్చింది. చిన్నపిల్ల. చీర కుచ్చిళ్ళ మీద కడుపు అప్పటికే తెలుస్తోంది. గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఆగింది. "అత్తా, ఏదో వాసనొత్తంది," అంది మెల్లగా, నాకు వినపడకూడదని.

నాకు వినపడింది. మా ఇంటి మందుకు ఇంతవరకు వంకపెట్టినవాళ్ళు లేరు.

"పసరుకి పసరు వాసన రాక అత్తరు వాసనొస్తుందా అమ్మా?" అన్నాను. మళ్ళీ అందరూ నవ్వారు. ఆ పిల్ల సిగ్గుపడి కళ్ళు మూసుకుని గ్లాసు ఖాళీ చేసింది.

అది పసరు వాసన కాదని ఆ అరుగు మీద ఉన్నవాళ్ళలో నా ఒక్కడికే తెలుసు.

కొడుక్కి తగ్గిపోయింది. ఆవిడ వీధంతా మా పేరు చెప్పుకుంటూ చేపలమ్మింది. నెల దాటి ఇంకొన్నాళ్ళయ్యాక, వానలు ముదిరిన రోజుల్లో, ఆదివారం కాని ఒక పొద్దున అత్తాకోడళ్ళిద్దరూ ఆటో దిగారు. కోడలు అత్త భుజం పట్టుకుని నడుస్తోంది. మెట్టు దగ్గర తలెత్తి చూసింది. తెల్లగా ఉండాల్సిన కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

జబ్బు మొగుడి దగ్గర్నుంచి తగిలి ఉండవచ్చు. వాళ్ళ పల్లె నీళ్ళలోనే ఉండి ఉండవచ్చు. ఈ రెండు మాటలూ ఆ క్షణంలోనే నాకు తట్టాయి. ఎంత తొందరగా తట్టాయో తలుచుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది.

ఆసుపత్రికి పంపాలని తెలుసు. ఎందుకు పంపుతున్నానో చెప్పాలి కదా. మా మందు పనిచేయదని నా నోటితో నేను చెప్పాలి.

"నేల ఉసిరి దొరకట్లేదమ్మా. పిల్లని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు," అన్నాను.

"వానల్లో నేల ఉసిరి దొరక్కపోడమేంటండి బాబూ! మా ఇంటెనక ఎక్కడ జూసినా అదేనండి. ఇప్పుడే పీక్కొచ్చేత్తాను, ఉండండి."

"ఆ మొక్క పనికిరాదు."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. తమ మీద నాకేదో కోపం వచ్చిందనుకుంది కాబోలు. "ఆయ్, అలాగేనండి," అని కోడల్ని ఆటో ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

మా ఆవిడ లోపల్నుంచి అంతా విన్నది. "వాళ్ళు ఆసుపత్రికే వెళ్ళారనుకుంటున్నారా?"

"చెప్పాను కదా."

"పసికర్లకి ఇంగ్లీషు మందు లేదని వీధి వీధంతా వినేలా చెప్పింది కూడా మీరే. మీ దగ్గర లేదంటే పాలకొల్లు రోడ్డులో ఆయన దగ్గరుంటుంది. అక్కడికే పోతారు."

పాలకొల్లు రోడ్డులో తాటాకు పాక వేసుకుని పసరు పోసే మనిషొకడున్నాడు. డబ్బు పుచ్చుకుంటాడని మా ఇంట్లో అతని పేరెత్తేవాళ్ళం కాదు. చొక్కా తొడుక్కుని బస్సెక్కాను. దారంతా, వాళ్ళు అక్కడ ఉండకూడదని ఒకసారి, ఉండాలని ఒకసారి అనుకున్నాను.

ఉన్నారు. పాక ముందు బల్ల మీద ఆ పిల్ల గుంజకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. పసరు పోసే ఆయన నన్ను చూసి గబగబా లేచాడు.

"తమరాండి! రండి రండి. తమకీ పసికర్లేనాండి ఏంటి?"

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. మరో రోజైతే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి, "ఏమ్మా, ఎలా ఉంది?" అని అడిగాను. కళ్ళు సగం తెరిచి, "వల లాగేయండి, నీళ్ళొచ్చేత్తన్నాయి," అంది. అక్కడ వలా లేదు, నీళ్ళూ లేవు. ఈ జబ్బులో మనిషి మగతగా పడి, మాట తడబడితే ఇక ఆలస్యం చేయడానికి లేదని డాక్టరు తమ్ముడు చెప్పకపోయినా నాకు అర్థమైంది.

అందరూ వింటుండగా వాళ్ళత్తతో చెప్పాను. "మొక్క దొరకలేదన్నది అబద్ధం. మా మందు వల్ల ఎవరికీ తగ్గలేదు. దానంతటది తగ్గేవాళ్ళకి తగ్గింది. కడుపుతో ఉన్న పిల్ల సంగతి వేరు, ఇక్కడ కూర్చోబెడితే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. లే."

"మరి మావోడికి తగ్గింది కదండీ?"

"తాగకపోయినా తగ్గేది."

"అయితే ఇన్నాళ్ళూ మాకు పోసిందేంటండి?"

ఆటోను పిలిచి ముగ్గురం ఎక్కాం. దారంతా ఆవిడ కోడలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను నూతి మాట ఎత్తలేదు. సగం నిజం చెప్పినందుకే ఏదో త్యాగం చేసినట్టుంది నాకు.

పెద్దాసుపత్రిలో డాక్టర్లు కొన్నాళ్ళు ఏ మాటా ఖాయంగా చెప్పలేదు. ఈ జబ్బుకు విరుగుడు మందంటూ లేదని, సెలైను పెట్టి, రక్తం గడ్డకడుతుందో లేదో మాటిమాటికీ పరీక్ష చేస్తూ కనిపెట్టుకుని ఉండాలని అన్నారు. బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది. ఆడపిల్ల. అద్దాల పెట్టెలో పెట్టారు.

ఈలోగా ఆదివారం వచ్చింది. అరుగు కింద చెప్పులూ వచ్చాయి. "మందు లేదు. ఇక ఉండదు," అన్నాను.

"పోనీ ఎంతో కొంత పుచ్చుకోండి, మాకూ మొహమాటం ఉండదు," అన్నాడొకాయన. చేపలావిడ వంటకు వంకపెట్టిన ఆ పెద్దాయన మాత్రం తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ, "తాతగారి హస్తవాసి తమకి రాలేదన్నమాటండి," అన్నాడు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అయినా హస్తవాసి లేదనుకుంటే నయమే, నూతి సంగతి చెప్పనక్కర్లేదు కదా అనిపించింది. అంత దెబ్బలోనూ దాక్కోవడానికి చోటు వెతుక్కున్నాను.

ఇంకొన్ని వారాలకు ఆసుపత్రికి వెళ్ళాను. ఆ పిల్ల మంచం మీద లేచి కూర్చుంది. కళ్ళలో పసుపు ఇంకా ఉంది గాని మాట తేటగా ఉంది. బిడ్డ పాలు తాగుతోందనీ, ఇంటికి పంపిస్తామన్నారనీ చెప్పింది. వాళ్ళత్త టీ తేవడానికి కిందికి వెళ్ళింది. అప్పుడు ఆ పిల్ల గొంతు తగ్గించింది.

"డాక్టరమ్మగారు అడిగారండి. ఈ నెలా రెండు నెలల్లో బయటెక్కడైనా నీళ్ళు తాగేవా, మజ్జిగ తాగేవా అని. తాగలేదని చెప్పేనండి."

"ఎందుకలా చెప్పావమ్మా?" అన్నాను.

"సమయానికి ఇక్కడికి తెచ్చేరని మా అత్త ఇప్పటికీ మిమ్మల్ని దేవుడంటదండి. మీ ఇంటి పేరు నా నోట్లోంచి ఎందుకు రావాలని." కాసేపు దుప్పటి అంచు సవరించుకుంది. "ఆ వాసన మాత్రం నాకింకా గుర్తుందండి."

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

"చెప్పాల్సింది తల్లీ," అన్నాను. ఆ మాట ఆ పిల్లతో కాదు, ముందు నాతో నేను అనుకోవాల్సింది. ఆ ఆదివారం ఆ గ్లాసుతో తాగినవాళ్ళు ఇంకెందరో ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళు ఉండరా? తరవాతి ఆదివారాలూ అవే నీళ్ళు పోశాను. ఈ పిల్ల నా పరువు కాపాడిన కొద్దీ వాళ్ళెవరికీ కబురు వెళ్ళదు.

బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా మా ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ చిన్నావిడ, బదిలీ మీద కొత్తగా వచ్చింది. మా ఇంటి పేరు చెప్పాను. ఆవిడకు అదేమీ తెలియదు. కూర్చోమంది. గొయ్యి సంగతీ, నూతి సంగతీ, ఆదివారం మందూ, వచ్చినవాళ్ళలో నాకు గుర్తున్నవాళ్ళూ, ఏదీ దాచకుండా చెప్పాను. ఆవిడ రాసుకుంటూ పోయింది. నూతిలో బ్లీచింగు వేయిస్తామంది. ఆ మజ్జిగ తాగినవాళ్ళ ఇళ్ళకు మనుషుల్ని పంపిస్తామంది. నీళ్ళు తెర్లేదాకా కాచి తాగమని అందరికీ చెప్పాలి, మీరు కూడా తోడొచ్చి చెబితే వింటారు, వస్తారా అని అడిగింది. వస్తానన్నాను. ఇంత తేలికా అనిపించింది.

ఆవిడ కాగితం తిప్పి, మామూలుగా, ఏ దురుద్దేశమూ లేకుండా ఇంకొక్క ప్రశ్న అడిగింది.

"మీ ఇంట్లో ఎవరికీ రాలేదాండి? మీరూ ఆ నూతి నీళ్ళే తాగుతారు కదా?"

"లేదమ్మా," అన్నాను. "మేము టిన్ను నీళ్ళు తాగుతాం."

ఆవిడ పెన్ను ఆగింది.